1/72 సీ కింగ్ కిట్: బాడీకి మార్కులు, రోటార్‌కి చీవాట్లు

సీ కింగ్ హెలికాప్టర్ కిట్ (అసలుదానికి 72వ వంతు సైజులో, ముక్కలు అతికించి చేసే ప్లాస్టిక్ బొమ్మ) కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా. కొనండి. కానీ పెట్టెలో ఉన్నది ఉన్నట్టు అతికించి షోకేసులో పెట్టేద్దాం అనుకుంటే మాత్రం వద్దు. బాడీ ఆకారం చక్కగా కుదిరింది, రోటార్, అంటే పైన తిరిగే రెక్కల భాగం, నాసిరకం. హెలికాప్టర్ బొమ్మ దగ్గరికి ఎవరొచ్చినా కన్ను ముందు రోటార్ మీదే పడుతుంది కాబట్టి, ఉన్న ఓపికంతా అక్కడ పెట్టగలిగితే ఈ డబ్బుకి ఇది మంచి బేరమే.

కంపెనీ పేరు రాయడం లేదు. పేరు చెప్పినా మీకు పెద్దగా పనికిరాదు. ఈ ప్లాస్టిక్ కిట్ల వ్యాపారంలో అచ్చు ఒకరిది, పెట్టె ఇంకొకరిది. ఎప్పటిదో పాత అచ్చు చేతులు మారి, కొత్త బొమ్మ వేసిన పెట్టెలో కొత్త సరుకులా దిగుతూనే ఉంటుంది. అందుకని పెట్టె మీద పెయింటింగ్ చూసి మురిసిపోకుండా, లోపలి స్ప్రూల ఫోటో పంపమని అమ్మేవాళ్లని అడగండి. స్ప్రూ అంటే భాగాలన్నీ కలిసి వచ్చే ప్లాస్టిక్ చట్రం. ఆ భాగాల మీద రేకుల అతుకుల గీతలు లోపలికి చెక్కినట్టు ఉంటే సాధారణంగా కొత్త అచ్చు, పైకి ఉబ్బినట్టు ఉంటే పాతది. నాకు వచ్చింది పాతదే, తెలిసే తీసుకున్నా, ధర మూడు వేల లోపు పడింది.

విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల బొమ్మల కొట్లలో హెలికాప్టర్ కిట్ ఉందా అంటే రిమోట్‌తో ఎగిరేది తీసి చూపిస్తారు, వాళ్ల తప్పేం లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే. కొరియర్‌వాళ్లు పెట్టె ఒక మూల నొక్కేసి తెచ్చారు, లోపల భాగాలకి ఏమీ కాలేదు, గొడవ పెట్టుకోలేదు.

అసలు ఇన్ని హెలికాప్టర్లు ఉండగా సీ కింగే ఎందుకంటే, మన తీరం మీద తిరిగిన బండి కాబట్టి. అమెరికా నేవీ నుంచి ట్రెంటన్ అనే ఓడ కొని 2007లో ఐఎన్‌ఎస్ జలాశ్వ అని పేరు పెట్టుకున్నాం కదా, దానితోపాటు ఆరు యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు కూడా వచ్చాయి. సీ కింగ్‌లో అదో రకం. విశాఖలో ఐఎన్‌ఎస్ డేగా అనే నేవీ విమాన స్థావరం నుంచి ఎగిరేవి, 2009 నుంచి 350 స్క్వాడ్రన్ అనే దళం కింద ఉండి, 2024 జూన్‌లో రిటైరయ్యాయి. వాటిలో ఒకదాన్ని విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టారు. కురుసుర సబ్‌మెరైన్‌కీ టీయూ-142 విమానానికీ జనం ఎగబడతారు గానీ, కిట్ చేసేవాడికి అసలు సిసలు గుడి ఈ హెలికాప్టరే. విజయనగరం నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి, ముఖ్యంగా రోటార్ కింది భాగం, చక్రాల గూళ్లు, తోక మడత దగ్గర కీళ్లు. మబ్బు పట్టిన రోజున తీస్తే రంగు కాస్త నిజానికి దగ్గరగా వస్తుంది. మ్యూజియం సరే గానీ, నేవీ బేస్ గోడ పక్కన మాత్రం కెమెరా ఎత్తకండి.

ఇక పెట్టె విప్పితే లోపల లేత బూడిద రంగు ప్లాస్టిక్, అద్దాల స్ప్రూ ఒకటి, నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు, అంటే డెకాల్స్, ఉన్న షీటు ఒకటి, నాలుగు మడతల సూచనల కాగితం. డెకాల్స్‌లో ముఖ్యమైనది 66 నంబరు. అపోలో 8, 10, 11, 12, 13 వ్యోమగాముల్ని సముద్రంలోంచి పైకి తీసింది ఆ నంబరు సీ కింగే, అందుకే కంపెనీలకి దాని మీద అంత మోజు. అసలు 66 మాత్రం 1975లో పసిఫిక్‌లో కూలిపోయింది. చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు 66 చేసుకోండి, పెట్టెలో ఉన్నవాటితోనే అయిపోతుంది. మన నేవీది చేయాలంటే పని ఉంది.

బాడీ గురించి మంచి మాటలు ముందు. సీ కింగ్ పొట్ట పడవలా ఉంటుంది, అవసరమైతే నీళ్ల మీద దిగడానికి. ఆ పొట్ట కింది వంపు, ముక్కు దగ్గర అది పైకి లేచే తీరు, రెండు పక్కలా చక్రాలు దాచుకునే ఫ్లోట్లు, ఇవన్నీ ఫోటో పక్కన పెట్టి చూస్తే ఎక్కడా తేడా కొట్టలేదు. అసలు హెలికాప్టర్ బాడీ దాదాపు 16.7 మీటర్లు, 72తో భాగిస్తే 23 సెంటీమీటర్ల చిల్లర రావాలి. స్కేలు పెట్టి కొలిస్తే సరిపోయింది. రెండు సగాలు కలిపితే పైన అతుకు బాగానే కూర్చుంది, పొట్ట కింద మాత్రం సన్నటి సందు. అక్కడ పుట్టీ తప్పదు. సూపర్ గ్లూ చుక్క వేసి పైన టాల్కం పౌడర్ చల్లితే చాలు, ఆరాక గీకడానికి బాగుంటుంది. హార్డ్‌వేర్ కొట్లో దొరికే నీళ్లతో రుద్దే ఎమెరీ కాగితం 400తో మొదలుపెట్టి 1000 దాకా వెళ్లండి.

రుద్దినచోటల్లా ఆ ఉబ్బు గీతలు పోతాయి. అదే పాత అచ్చుతో చిరాకు. పోయినవాటిని మళ్లీ సూదితో లోపలికి చెక్కి, మిగతావి ఉబ్బుగా ఉంచితే చూడ్డానికి వికారంగా ఉంటుంది కాబట్టి చెక్కితే మొత్తం చెక్కాలి, లేదంటే మొత్తం నున్నగా వదిలేయాలి. నేను చెక్కాను. చిన్న సైజులో పనికొచ్చే పనే గానీ, చేయకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం. మూడడుగుల దూరం నుంచి ఎవరికీ కనపడదు.

చిన్న సౌకర్యం ఒకటుంది. సీ కింగ్‌కి రెండు జతల పెద్ద చక్రాలు ముందు, బుల్లి చక్రం తోక కింద. అందుకని ముక్కులో బరువు పెట్టే తలనొప్పి లేదు. ఎంఐ-17 కిట్ చేసినవాళ్లకి తెలుస్తుంది, ముక్కు కింద చక్రం ఉన్న హెలికాప్టర్లకి లోపల సీసం గుళ్లు కూరకపోతే తోక మీద చతికిలబడతాయి.

క్యాబిన్ గురించి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే తలుపు మూసేస్తే ఏమీ కనిపించదు. కిట్‌లో ఉన్నది సబ్‌మెరైన్లని వేటాడే రకం లోపలి సరంజామా. మన యూహెచ్-3హెచ్‌లు మనుషుల్నీ సామాన్లనీ మోసే పనికి మార్చినవి, సోనార్ (నీళ్ల కింద సబ్‌మెరైన్లని శబ్దంతో పసిగట్టే పరికరం) తీసేశారు. కాబట్టి కిట్‌లో ఇచ్చిన సోనార్ గొట్టం, దాని ఆపరేటర్ల సీట్లు పక్కన పడేసి, నేల మీద కన్నాన్ని పల్చటి ప్లాస్టిక్ ముక్కతో మూసేయండి. తలుపు తెరిచి పెట్టాలనుకుంటే గోడ పొడవునా గుడ్డ సీట్లు చేసుకోవచ్చు, మాస్కింగ్ టేపు ముక్కలు చాలు. క్యాబిన్ కోసం విడిగా అమ్మే ఖరీదైన లోహపు రేకు సెట్లు మాత్రం ఈ కిట్‌కి దండగ.

ఇప్పుడు రోటార్ దగ్గరికొద్దాం.

పెట్టెలో వచ్చిన రోటార్ హెడ్, అంటే రెక్కలన్నీ కలిసే నడిమి భాగం, చూస్తే లడ్డూకి ఐదు పుల్లలు గుచ్చినట్టు ఉంది. అసలు సీ కింగ్‌లో అదొక పెద్ద యంత్రాంగం. ఓడ మీద చోటు ఉండదు కాబట్టి ఆ ఐదు రెక్కలూ వాటంతటవే వెనక్కి మడుచుకుంటాయి, తోక కూడా పక్కకి మడుచుకుంటుంది. ఆ మడత కీళ్లు, ఊపు ఆపే డ్యాంపర్లు, నూనె గొట్టాలు, అన్నీ బయటికే కనిపిస్తాయి. కిట్‌లో అవేవీ లేవు. 3డీ ప్రింట్ చేసినవి విదేశాల్లో విడిగా అమ్ముతారు, కానీ రవాణా, కస్టమ్స్ కలిపితే కిట్ కంటే అదే ఎక్కువ పడొచ్చు. చేత్తో చేసుకోవడమే నయం.

పాత ఛార్జర్ వైరు ఒకటి తీసుకుని పైతోలు ఒలవండి. లోపల రాగి పోగులు ఉంటాయి. ఒక్కో పోగు మందం దాదాపు 0.1 మిల్లీమీటరు, 72 రెట్లు చేస్తే 7 మిల్లీమీటర్ల గొట్టం అవుతుంది, నూనె గొట్టానికి సరిగ్గా సరిపోయే లెక్క. ఒక్కో రెక్క చేతికి రెండేసి పోగులు. మధ్యలో హబ్ మీద పిన్ వైస్‌తో (చేత్తో తిప్పే బుల్లి డ్రిల్లు) సన్న చిల్లులు పెట్టి, పోగు చివర సూపర్ గ్లూలో ముంచి దూర్చి, శ్రావణంతో వంచాలి. డ్యాంపర్ల కోసం స్ప్రూ ముక్కని కొవ్వొత్తి మంటకి కొంచెం ఎడంగా తిప్పుతూ, మెత్తబడగానే రెండు చేతులా లాగితే తీగలా సాగుతుంది. లావుగా సాగినచోట కోస్తే డ్యాంపరు, సన్నగా సాగినచోట పల్చగా చక్రాల్లా కోస్తే బోల్టు తలలు. ఒంగి చూసేసరికి మెడ పట్టేస్తుంది, కానీ చివర్లో ముదురు బూడిద రంగు వేసి, ఆరాక పొడి బ్రష్‌తో వెండి రంగు పైపైన తాకిస్తే, అప్పటిదాకా బొమ్మలా ఉన్నది ఒక్కసారిగా యంత్రం అయిపోతుంది. ఈ కిట్ మీద నేను పెట్టిన టైంలో సగానికి పైగా ఇక్కడే పోయింది, సరైన చోటే పోయింది.

రెక్కలకి మూడు రోగాలు. మొదటిది మందం. వెనక అంచు దాదాపు అర మిల్లీమీటరు ఉంది. చిన్నదే అనుకుంటాం గానీ అసలు లెక్కలో అది 3.6 సెంటీమీటర్ల మందం, ఏ హెలికాప్టర్ రెక్కకీ వెనక అంచు అలా ఉండదు. అద్దం ముక్క మీద ఎమెరీ కాగితం పరిచి, రెక్కని పడుకోబెట్టి కింది వైపు నుంచి రుద్దండి.

రెండోది, అన్నీ స్కేలు గీసినట్టు తిన్నగా ఉన్నాయి. నేల మీద ఆగి ఉన్న హెలికాప్టర్ రెక్కలు సొంత బరువుకి చివర్లో కిందికి వాలతాయి. చెక్క ముక్క మీద రెక్క మొదలుని చిన్న ఎత్తు ముక్క మీద బల్లపరుపుగా కట్టి, చివరని దారంతో కిందికి లాగి చెక్కకి కట్టండి. పొయ్యి మీంచి దించి కాసేపు ఆగిన వేడి నీళ్లు నెమ్మదిగా పోసి, వెంటనే చన్నీళ్లు. మరుగుతున్న నీళ్లు పోస్తే మెలికలు తిరిగిపోతుంది. ఎత్తు ముక్క ఒక్కటే పెట్టుకుని ఐదింటికీ అదే వాడితే వాలు సమానంగా వస్తుంది. చక్రాలు మూసేసి, స్టాండ్ మీద ఎగురుతున్నట్టు పెట్టేవాళ్లు మాత్రం ఈ పని చేయకూడదు, ఎగిరేటప్పుడు రెక్కలు కొద్దిగా పైకే లేస్తాయి.

మూడోది సూచనల కాగితం తప్పు కాదు గానీ అస్పష్టం. రెక్కలో మందంగా, గుండ్రంగా ఉండే అంచు ఎటు రావాలో బొమ్మలో తెలియదు. సీ కింగ్ రోటార్ పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది, మందం అంచు ఆ తిరిగే వైపుకి ముందు ఉండాలి. ఇంతకుముందు చేతక్ గానీ ఎంఐ-17 గానీ చేసిన అలవాటు ఉంటే ఇంకా జాగ్రత్త. ఫ్రెంచి, రష్యా హెలికాప్టర్లు ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతాయి.

ఈ పనిముట్ల కోసం హాబీ సైట్లలో వేలు పోయకండి. ఊళ్లో కంసాలి పనివాళ్లకి సరుకు అమ్మే కొట్టుకి వెళ్లండి. సన్న ఆకురాళ్ల సెట్టు, మంచి శ్రావణం, చిన్న రంపం బ్లేడ్లు అక్కడ తక్కువలో వస్తాయి, బంగారం పనికి వాడేవి కాబట్టి నాణ్యతకి ఢోకా లేదు. నేను వెళ్లినప్పుడు కొట్టాయన “ఏ షాపు బాబూ మీది?” అని అడిగాడు. “షాపు కాదు బాబాయ్, హెలికాప్టర్ చేస్తన్నాను” అంటే ఇంకేమీ మాట్లాడకుండా బిల్లు రాసిచ్చాడు.

అద్దాలు ఫర్వాలేదు. కొంచెం మందం, కానీ గీతలు లేకుండా వచ్చాయి. వీటికి సూపర్ గ్లూ అసలు తాకనివ్వకండి, దాని ఆవిరికే ప్లాస్టిక్ అద్దం తెల్లగా మసకబారిపోతుంది. తెల్లటి ఫెవికాల్ అగ్గిపుల్ల చివర తీసుకుని అంచుకి రాయండి, ఆరాక కనపడదు, ఎక్కువైతే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. పక్క కిటికీలు కన్నాల్లో కాస్త వదులుగా ఉన్నాయి, ఆ సందులు కూడా ఫెవికాలే నింపేస్తుంది.

పెయింట్ దగ్గర మన వాతావరణంతో గొడవ. గాలిలో తేమ ఎక్కువున్న రోజున లాకర్ పెయింట్ (థిన్నర్‌తో కలిపేది) స్ప్రే చేస్తే పైన తెల్లటి పొర కడుతుంది. వర్షాకాలం అయిపోయింది కదా అని అక్టోబరులో మొదలుపెట్టొద్దు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న వచ్చింది, విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి ఆ నెల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. డిసెంబరులో, సంక్రాంతి హడావుడి మొదలవకముందు, మధ్యాహ్నం పూట డాబా మీద వేసుకుంటే పొర కట్టదు. అప్పటిదాకా ఆగలేనివాళ్లు నీళ్లతో కలిపే యాక్రిలిక్ వాడండి. బూడిద రంగు ఒక్కటే కొట్టి వదిలేస్తే బొమ్మ చదునుగా కనిపిస్తుంది, అదే రంగులో రెండు చుక్కలు తెలుపు కలిపి రేకుల మధ్యలో పల్చగా కొడితే ఎండకి వెలిసిన కళ వస్తుంది. ఇంజన్ల పొగ గొట్టాల వెనక మసి కొంచెం వేయండి, మరీ ఎక్కువ వద్దు, నేవీవాళ్లు ఉప్పు గాలికి భయపడి కడుగుతూనే ఉంటారు.

మన గుర్తులు పెట్టెలో రావు. రౌండెల్, అంటే దేశాన్ని తెలిపే గుండ్రటి గుర్తు, బయట కాషాయం, నడుమ తెలుపు, మధ్యలో ఆకుపచ్చ. డెకాల్ కాగితం కొని ప్రింటు తీయించుకోవచ్చు గానీ మామూలు ప్రింటర్ తెలుపు ముద్రించదు, పారదర్శకమైన కాగితం మీద తీసి బూడిద రంగు మీద అంటిస్తే కాషాయం కాస్తా ఇటుక రంగు అయిపోతుంది. ముందు ఆ చోట గుండ్రటి కన్నం కోసిన మాస్కింగ్ టేపు పెట్టి తెల్లటి చుక్క వేసి, దాని మీద డెకాల్ కూర్చోబెట్టాలి. ఇంక్‌జెట్ ప్రింటైతే నీళ్లలో వేయకముందే పైన క్లియర్ వార్నిష్ కొట్టాలి, లేకపోతే రంగు కరిగి గిన్నెలోనే ఉండిపోతుంది. తోక మీద, ముక్కు మీద నంబర్లు మాత్రం సర్వీసులో ఉన్నప్పటి ఫోటో చూసే వేయండి. మ్యూజియంలో పెట్టేటప్పుడు పెయింట్ మళ్లీ వేయడం మామూలే, అది చూసి వేస్తే తేడా రావచ్చు. ఫ్లోట్ల వెనక భాగం, ఇంజన్ల ముందు అడ్డుపలక కూడా సీ కింగ్‌లో రకానికో తీరు, కిట్‌లో ఉందని అతికించేయకుండా మీరు చేస్తున్న బండి ఫోటోతో పోల్చుకోండి.

మా అక్క కొడుకు రోజూ వచ్చి “మావయ్యా, రెక్కలు తిరుగుతాయా?” అని అడిగేవాడు. తిరుగుతాయి, కిట్‌లో ఆ ఏర్పాటు ఉంది, కానీ రాగి పోగులు పెట్టాక పిల్లల చేతికి ఇచ్చే వస్తువు కాదది. వాడికి విడిగా రిమోట్‌ది కొనిచ్చాను. పదేళ్ల లోపు పిల్లలకి బహుమతిగా ఈ కిట్ అసలు వద్దు, భాగాలు మరీ చిన్నవి. మొదటిసారి కిట్ చేసేవాళ్లకి కూడా ఇది సరి కాదు, ముందు ఏదైనా చిన్న విమానం చేసి చేయి కుదిరాక దీనికి రండి.

మార్కులంటారా, బాడీకి పదికి ఎనిమిది, అద్దాలకి ఏడు, సూచనల కాగితానికి ఐదు, రోటార్‌కి మూడు. ఆ మూడుని ఎనిమిది చేసుకోవడం మీ చేతుల్లో పని, ఖర్చు మాత్రం ఒక పాత వైరు.

అయ్యాక గాజు పెట్టె చేయించేవాళ్లు కొలతలు రాసుకోండి. రోటార్ అసలు వ్యాసం 18.9 మీటర్లు, అంటే మనకి 26 సెంటీమీటర్ల పైన. రోటార్ ముందు కొస నుంచి తోక రోటార్ కొస దాకా దాదాపు 31. లోపల కనీసం 29 వెడల్పు, 34 పొడవు ఉండాలి. మెయిన్ రోటార్‌ని జిగురు పెట్టకుండా ఇరుసులో ఊరికే గుచ్చి వదిలేస్తే దుమ్ము దులిపేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవచ్చు, ఇల్లు మారినా విడిగా దూదిలో చుట్టి పట్టుకెళ్లొచ్చు.